ఒక్క చెట్టు టెంకలు

మా బావి దగ్గర ఐదు మామిడి చెట్లు ఉండేవి. ఐదూ ఒకే చెట్టు టెంకల నుంచి మొలిచినవి. మా తాత వయసులో ఉన్నప్పుడు ఎద్దుల కోసం కల్వకుర్తి వైపు వెళ్లి, అక్కడ ఒక రైతు ఇంటి ముందున్న చెట్టు పండ్లు తిన్నాడట. అంత తీపి మన వైపు లేదనుకుని, ఆ టెంకలను తడి గోనెలో చుట్టి తెచ్చి బావి గట్టున పాతాడు. వాటిలో ఐదు బతికాయి. కానీ తాతకు ఆ తీపి మళ్లీ దొరకలేదు. ఐదు చెట్లు ఐదు తీర్లుగా కాశాయి.

మాది నకిరేకల్‌కు దగ్గరి ఊరు. వాన మీదే పండే చెలక భూములు, రాతి గుట్టలు, ఎండాకాలం ఎండిపోయే ఒక వాగు. మా ఇంట్లో మామిడి అంటే ఒక్క మాట కాదు. ఏ చెట్టు మామిడి అని అడగాలి.

మొదటిది తేనె చెట్టు. కాయ పొడుగు, కొసన చిలుక ముక్కులాంటి వంపు, పలుచని తోలు. లేతాకు రాగి రంగులో వచ్చేది. ఆకు నలిపితే మామిడి అల్లం వాసన. దాని పక్కది తొక్కు చెట్టు, కారం కలిపి జాడీకెత్తే పచ్చడికి దాని కాయలే. కాయ గుండ్రం, తోలు మందం, కండ గట్టి. దాని లేతాకులో ఎరుపు అసలు ఉండేది కాదు, పాలిపోయిన పచ్చ. మూడోది పీచు చెట్టు, పండు పిసికి రసం పీల్చుకోవాలి తప్ప కోసి తినలేం. నాలుగోదాని కాయ తుంచితే సొన చిమ్మేది. ఎండాకాలమంతా పిల్లల మూతుల మీద పుండ్లు చూసి, ఎవరు ఆ చెట్టు ఎక్కారో అమ్మ చెప్పేది. ఐదోదాన్ని వానల చెట్టు అనేవాళ్లం. మిగతావన్నీ అయిపోయి, మృగశిర కార్తె చినుకులు పడ్డాక పండేది. అదీ ఏడాది విడిచి ఏడాది.

పూతలోనూ తేడాలే. తేనె చెట్టు పూత కాడలు ఎర్రగా, తొక్కు చెట్టువి పచ్చగా ఉండేవి. ఒకదాని బెరడు నిలువునా పగిలేది, ఒకదానిది పెచ్చులుగా లేచేది. నాకు చిన్నప్పటి నుంచి కొలిచే బుద్ధి. చీపురు పుల్లలు తెంపి ఒక్కో చెట్టు ఆకు పొడుగు కొలిచేదాన్ని. అప్పుడు తెలిసిన సంగతి ఒకటుంది. ఒకే చెట్టుకు నీడలో పెరిగిన ఆకు, ఎండలో పెరిగిన ఆకు కూడా సమానంగా ఉండవు. కాబట్టి ఒక్క ఆకు చూసి చెట్టును చెప్పకూడదు. ఈ మాట అమ్మకు చెబితే, "నీకు పని లేదు, నాకు పొద్దు లేదు" అని చీపురు లాక్కుంది.

రజాకార్ల బాధ ముదిరిన రోజుల్లో మా అన్నకు పెళ్లయింది. వదినది చౌటుప్పల్ వైపు. తొక్కు పెట్టే కాలం రాగానే అమ్మ ఆమెను బావి దగ్గరికి తీసుకెళ్లి చెట్లను ఒక్కొక్కటిగా చూపించింది. తొక్కుకు ఒక్క చెట్టు కాయలే కోయాలి, రెండు చెట్లవి కలిపితే జాడీలో ఒకటి ముందే మెత్తబడి రెండోదాన్నీ చెడగొడుతుందని చెప్పింది. వదిన అన్నీ విని, ఐదూ వేరు వేరు ఊళ్ల నుంచి తెచ్చినవా అని అడిగింది.

"ఒక్క తల్లి పిల్లలే. అయినా ఒకదాని గుణం ఒకదానికి రాలే. మీ మామను, ఆయన తమ్ముణ్ణి చూస్తలేవా?" అంది అమ్మ.

మా చిన్నాయన ఎంత మాటకారో, నాయిన అంత మూగ. వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను పక్కనే గంప పట్టుకుని ఉన్నాను.

అన్న అప్పటికే దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగేవాడు. పెళ్లయిన కొన్నాళ్లకే గుట్టల్లోకి వెళ్లిపోయాడు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక, ఇక అయిపోయిందని ఊరంతా అనుకుంది. అన్న ఇంటికి వచ్చాడు కూడా. కానీ పారిపోయిన దొరలు మళ్లీ గడీలకు వచ్చారు, సంఘం పంచిన భూములు తిరిగి అడిగారు. సంఘం వాళ్లను పట్టుకోవడానికి ఊళ్లలో సైన్యం క్యాంపులు పడ్డాయి. అన్న మళ్లీ వెళ్లాడు.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం, గొర్లకాపరిలా గొంగడి కప్పుకుని బావి దగ్గరికి వచ్చాడు. అమ్మ, వదిన, నేను అక్కడే ఉన్నాం. అన్నం తిన్నాడు. అమ్మ తేనె చెట్టు పండ్లు తువ్వాలలో మూట కట్టి ఇచ్చింది. మళ్లీ ఎప్పుడు వస్తావని ఆమె అడగలేదు. వదిన నీళ్ల చెంబు అందిస్తే, ఆమె అడగకుండానే చెప్పాడు.

"వానల చెట్టు పండేటాల్లకు వస్త."

ఆ ఏడు వానల చెట్టు కాపు లేని ఏడు. పైకి చూస్తే ఒక్క పిందె కనబడదు. అన్న మర్చిపోయి అన్నాడో, తెలిసే అన్నాడో నేను చెప్పలేను. తెలియనిది రాయకూడదు.

కొన్ని రోజులకు వాగు అవతల గుట్ట కింద తుపాకులు మోగాయి. ముగ్గురు చనిపోయారని, ఊరివాళ్లతోనే గుంత తవ్వించి పూడ్చారని సాయంత్రానికి తెలిసింది. ఎవరినీ ఆ వైపు పోనివ్వలేదు. గుంత తవ్వినవాళ్లలో మా పొలం పక్క రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మూడో రోజు అమ్మే వెళ్లి అడిగింది. ముఖాలు చూడనివ్వలేదని, గొంగళ్లు కప్పి ఉన్నాయని చెప్పాడు. ముగ్గురిలో ఒకని దగ్గర తువ్వాల మూట ఉందట, అందులో మామిడి పండ్లు. దాన్ని కూడా పైన వేసి మట్టి కప్పేశారు.

"ఎసొంటి పండ్లు? పొడుగువా, గుండ్రటివా?" అని అమ్మ అడిగింది.

"నలిగున్నయి అక్కా. నేను సూడలే. సూసేటట్టున్ననా నేను?" అన్నాడాయన.

నాయిన ఆ రాత్రే గోడకు ఆనుకుని కూర్చుని, వాడు పోయాడన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఈ కాలంలో మామిడి పండు ఏ ఇంట్లో లేదు? ఏ తల్లి మూట కట్టలేదు? అంది. అందులో తప్పు లేదు. వదిన ఇద్దరి మాటలూ వింటూ పొయ్యి ముందు కూర్చుంది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. చేతులకు గాజులున్నాయి. అవి ఉండాలో పోవాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

తొలి వానలు పడ్డాక, ఆ పూడ్చిన చోట ఒక మామిడి మొలక లేచింది. పశువులు కాసేవాళ్లు చూసి వచ్చి చెప్పారు. క్యాంపు వాళ్ల దృష్టి అప్పటికి వేరే ఊళ్ల మీదికి పోయింది. అమ్మ, నాయిన, వదిన, నేను నలుగురం వెళ్లాం. మట్టి కుంగిన చోట, జానెడు మొక్క. లేతాకు రాగి రంగులో ఉంది.

నాయిన ఒక్కసారి చూసి మొఖం తిప్పుకున్నాడు. "మన తేనె చెట్టు ఆకు రంగే" అన్నాడు. అమ్మ వంగి ఒక ఆకు చివర తుంచి నలిపి వాసన చూసింది. నాకూ చూపించింది. మామిడి అల్లం వాసన లేదు, పచ్చి ఆకు వాసన తప్ప. "మనది కాదు" అంది.

ఆ మూటలోని పండ్లు మా చెట్టువైతే అక్కడ పడుకున్నవాడు మా అన్న. కాకపోతే కాదు. ఇద్దరూ ఆ ఒక్క మొక్క నుంచే తీర్పు కోరుకున్నారు. నాయినకు కొడుకు పోయాడని తేలి, కర్మ చేసి, కోడలిని ఒక దారికి చేర్చాలని ఉంది. అమ్మకు కొడుకు బతికి ఉండాలి. అందుకని ఆ మొక్కలో ఆయనకు పోలికలే కనబడేవి, ఆమెకు తేడాలే కనబడేవి.

ఆ ఏడు పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య, పెత్రమాసకు అయ్యగారు ఇంటికి వచ్చి, చనిపోయినవాళ్ల పేర్లు అడిగాడు. బియ్యం, పప్పు, కూరగాయలు చేటల్లో పెట్టి, ఒక్కో పేరు చెప్పి ఇస్తాం. నాయిన తాత పేరు, అవ్వ పేరు చెప్పి ఆగాడు. అమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆయన మూడో పేరు చెప్పలేదు.

పంటలు ఇంటికి చేరాక వదిన వాళ్ల అన్న వచ్చాడు. చెల్లెలిని తీసుకెళ్లి మారుమనువు చేస్తామన్నాడు. మాలో ఆ ఆచారం ఉంది. భర్త పోతే చేస్తారు, లేదంటే అత్తవారింటివాళ్లు పెద్దల ముందు విడుపు ఇవ్వాలి. కుల పెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. చనిపోయాడని చెప్పు, లేదంటే విడుపు ఇవ్వు అని అమ్మను అడిగారు. అమ్మ రెండింటికీ ఒప్పుకోలేదు. విడుపు ఇస్తే కొడుకు ఇల్లు తన చేతితో కూల్చినట్టేనంది.

"అది కాయ కాయనియ్యుండ్రి. కాయ జూసి చెప్త" అంది.

ఒక పెద్దమనిషి నవ్వాడు. "చెట్టును సాక్ష్యం పిలుస్తున్నవా?"

"మనుషులు చెప్పిండ్రా మరి? సూసినోడు సూడలేదంటడు."

టెంక నాటిన చెట్టు కాయాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఆ వాకిట్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వదిన వాళ్ల అన్న చెల్లెలి వైపు చూశాడు. వదిన తల ఎత్తకుండా, ఉంటానంది. ఆయన కోపంగా అన్నం తినకుండా వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఆ మొక్కకు నీళ్లు పోసే పని వదినది. చుట్టూ తుమ్మ కంప నాటింది. ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమె తవ్వి, ముంత ముంతగా నీళ్లు తోడి బిందె నింపి మోసేది. నేను వెంట వెళ్లేదాన్ని. ఆ చోటికి పోవడానికి ఊళ్లో ఆడవాళ్లు కొందరు భయపడేవాళ్లు. వదిన చెప్పులు దూరంగా విడిచి, నీళ్లు పోసి, కంప సర్ది, మాట్లాడకుండా తిరిగి వచ్చేది. ఒకసారి మాత్రం, నీకేమనిపిస్తుందని అడిగాను. అన్న ఉన్నాడా, లేడా? ఆమె బిందె చంకకెత్తుకుని, నీళ్లు పోస్తున్నంతసేపు అది అడగొద్దంది.

మొక్క పెరిగే కొద్దీ ఇంట్లో వాదం పెరిగింది. బెరడు పగుళ్లు వచ్చినప్పుడు నాయిన, తేనె చెట్టులాగే నిలువునా పగిలిందన్నాడు. అమ్మ, ఆకు అంచు అల వేసినట్టు ఉంది, మనది నున్నగా ఉంటుందంది. నేను చీపురు పుల్లతో ఆకు కొలిచి వచ్చాను. తేనె చెట్టు ఆకు కంటే కురచ. అయితే నీడ ఆకులు తేనె చెట్టు ఎండ ఆకుల అంత ఉన్నాయి. నా కొలత ఎవరికీ పనికి రాలేదు. నాయిన నీడ ఆకుల మాట పట్టుకున్నాడు, అమ్మ ఎండ ఆకుల మాట పట్టుకుంది.

పోరాటం ఆగిపోయింది. 1951 తర్వాత అడవుల్లో ఉన్నవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు వచ్చారు. ఎవరు వచ్చినా నాయిన వెళ్లి అడిగి వచ్చేవాడు. ఒకాయన ఆ ఎండాకాలానికి ముందు అన్నను చూశానన్నాడు. తర్వాత చూసినవాళ్లు లేరు. వదిన వాళ్ల అన్న ఏడాదికొకసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ముందు వాగు వైపు వెళ్లి, చెట్టు ఎంతెత్తు ఉందో చూసి, ఆ తర్వాత మా ఇంటికి వచ్చేవాడు. ఒకసారి గుమ్మంలోనే నిలబడి, "అది కాసేదాక మా చెల్లె పండిపోతది అత్తమ్మా" అన్నాడు. అమ్మ ఆయన కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

నా పెళ్లయింది. అత్తవారిది పక్క ఊరే కనుక ఎండాకాలం ఇంటికి వస్తూ ఉండేదాన్ని. చెట్టు మొదటిసారి పూసిన ఏడు పూతంతా గాలికి రాలిపోయింది. పూత కాడలు ఎర్రగా ఉన్నాయని నాయిన సంతోషపడలేదు, ఊరికే చెప్పాడు. ఆ మరుసటి ఏడు కొన్ని కాయలు నిలిచాయి. నేను అప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. వదిన వాటిని కోసి, గడ్డిలో మాగేసి, పండాక చేటలో పెట్టి తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

మధ్యాహ్నం పూట. నాయిన గడప మీద, అమ్మ కత్తిపీట ముందు, నేను చంటిపిల్లతో గోడ పక్కన. కాయ మరీ పొడుగూ కాదు, మరీ గుండ్రమూ కాదు. కొసన ముక్కు ఉంది, తేనె చెట్టు అంత వంపు లేదు. తోలు మందం. భుజం మీద కొంచెం ఎరుపు, మా ఐదు చెట్లలో దేనికీ లేని ఎరుపు. అమ్మ కోసింది. కండ పచ్చని పసుపు, టెంక చుట్టూ పీచు. ఒక ముక్క తిని, టెంక కూడా చీకింది.

"టెంక కాడ పులుపు. పీచు. ఇది మనది కాదు" అంది. మిగతా సగం చేటలోకి నెట్టింది. "నా కొడుకు యాడనో ఉన్నడు."

"ముక్కున్నది గద" అన్నాడు నాయిన.

"ముక్కుంటే సాలా?"

"మరి పీచుంటె సాలా?"

అంతవరకు నిలబడి ఉన్న వదిన కూర్చుంది. చేటలోంచి ఒక పండు తీసి, కోయకుండా చేతిలో పట్టుకుని, అమ్మతో నెమ్మదిగా మాట్లాడింది.

"అత్తా, మన బాయికాడి ఐదు చెట్లు ఏ చెట్టు పిల్లలు?"

అమ్మ చేతికంటిన రసం కొంగుకు తుడుచుకుంది.

"ఒక్క చెట్టు టెంకలే అంటివి. నేనొచ్చిన ఏడు నువ్వే సూపిస్తివి. అండ్ల ఒక్కటన్న ఒకదాని తీరుగున్నదా? తాత తిన్న పండు తీరుగ ఒక్కటన్న కాసిందా? ఇది మన తేనె చెట్టు టెంకనే అయినా గిట్లనే కాస్తదేమో. కాకున్నా గిట్లనే కాస్తదేమో. ఇదేం చెప్తది అత్తా?"

గడప మీద నాయిన తల వంచుకున్నాడు. ఆకులు కొలిచిన నేను, వాసన చూసిన అమ్మ, బెరడు చూసిన నాయిన, అందరం ఆ ఐదు చెట్ల కిందే బతికినవాళ్లం. పండుగకు తోరణం ఆకులు తెంపాలన్నా, తొక్కుకు కాయలు కోయాలన్నా ఆ తేడాలతోనే పని. ఈ ఒక్క చెట్టు మాత్రం తల్లిని పోలి ఉంటుందని ఎట్లా అనుకున్నాం?

అమ్మ కోడలి వైపు తిరిగి అడిగింది. "ఎప్పటిసంది ఎరుక నీకు?"

"మొక్క మొలిచిన్నాడె ఎరుక."

"ఎరుకయ్యి ఇన్నేండ్లు నీళ్లెట్ల మోసినవే పిల్లా?"

వదిన పండును చేటలో పెట్టింది. "అది కాయకముందు నన్నెవ్వరు ఏమనలే. గాజులు పగలగొట్టలే. ఇంకో ఇంటికి తోలలే. ఆయనొస్తె ఈడనే ఉంటననుకున్న. నువ్వు గూడ దాన్ని సూసి బువ్వ తిన్నవ్. అందుకు మోసిన." కొంచెం ఆగి, "ఇంక సాలత్తా. మోయలేను" అంది.

అమ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. ఏడవలేదు. మరునాడు పొద్దున్నే నాయినను పిలిచి, చౌటుప్పల్ వైపు కబురు చేయమంది. కుల పెద్దలను కూడా పిలవమంది.

పెద్దలు మళ్లీ మా వాకిట్లో కూర్చున్నారు. మొదటిసారి కూర్చున్నవాళ్లలో ఇద్దరు అప్పటికి లేరు. చెట్టును సాక్ష్యం పిలుస్తున్నావా అని నవ్విన పెద్దమనిషి ఉన్నాడు. ఆయనే అడిగాడు, కాయ ఏమి చెప్పిందని.

"ఏం చెప్పలే. చెప్పదు గూడ" అంది అమ్మ. "నా కొడుకు ఉన్నడో లేడో నాకు తెల్వదు. పోయిండని నా నోటితోటి అనను. ఈ పిల్లనైతె ఆపను. విడుపు ఇస్తున్న."

ఇన్నేళ్లూ ఇల్లు కూల్చినట్టే అనుకున్న మాటను ఆమె ఇంత మామూలుగా అనేసరికి, పెద్దమనుషులకు అడగడానికి ఏమీ మిగలలేదు. గాజులు పగలగొట్టడం లేకుండానే విడుపు అయింది. వదిన వాళ్ల అన్న ఈసారి మా ఇంట్లో అన్నం తిన్నాడు.

వెళ్లేనాడు అమ్మ ఆమెకు కూతురికి పోసినట్టే ఒడిబియ్యం పోసింది. కోడలికి అత్త పోసే ఆచారం లేదని ఎవరో అన్నారు. అమ్మ వినిపించుకోలేదు. బియ్యం మీద పెట్టడానికి నేను తేనె చెట్టు పండ్లు తెస్తే, వద్దని పక్కన పెట్టి, అప్పుడప్పుడే రంగు తిరుగుతున్న వానల చెట్టు కాయలు తెమ్మంది. ఆ ఏడు అది కాపు ఉన్న ఏడు. వదిన ఒడిలోకి చూసుకుని, అవి ఏ చెట్టువో గుర్తుపట్టి, కొంగుతో కప్పుకుంది. బండి ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచి, వాగు ఒడ్డు చెట్టుకు ఇక నీళ్లు పోయనక్కర్లేదు, వేరు లోతుకు దిగిందని చెప్పింది.

ఆ ఏడు పెత్రమాసకు నేను అమ్మ దగ్గరే ఉన్నాను. అయ్యగారు వచ్చి కూర్చున్నాడు. నాయిన తాత పేరు చెప్పాడు, అవ్వ పేరు చెప్పాడు, ఎప్పటిలాగే ఆగాడు. అప్పుడు అమ్మ లోపలి నుంచి మరో మూడు చేటలు తెచ్చి వరుసగా పెట్టింది. మూడింటిలోనూ బియ్యం సమానంగా ఉన్నాయి, నేను చూశాను.

ఇవి ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగాడు.

"పేర్లు తెల్వదు" అంది అమ్మ. "వాగు ఒడ్డున ముగ్గురున్నరు. వాళ్లకు."